లక్షన్నర రూపాయల కథ: డాక్టర్ శాంతి స్వరూప్ భట్నాగర్ జీవితం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖ వ్యక్తి జీవితాన్ని గురించి వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందిగా కార్యదర్శిగారు నన్ను కోరారు. దేశనాయకులను గురించి, కవులను గురించి, భక్తులను గురించి వ్రాయడానికి మన సభ్యులలో నాకంటె సమర్థులు చాలామంది ఉన్నారు. అందుచేత నేనొక శాస్త్రవేత్తను ఎన్నుకున్నాను. ముప్పై అయిదేళ్లు గుమాస్తాగా నోట్లు, డ్రాఫ్టులు వ్రాసినవాడికి శాస్త్రంతో ఏమి పని అని మిత్రులు అడగవచ్చు. ఈయన జీవితంలో నన్ను పట్టి ఆపింది కూడా ఒక ఆఫీసు విషయమే. ఒక కంపెనీవారు ఇవ్వజూపిన డబ్బు ఎవరి పేర, ఏ పద్దులో జమ కావాలి అన్న విషయం. దానికీ నా ఉద్యోగ జీవితంలోని ఒక ఫైలుకూ సంబంధం ఉంది. ఆ సంగతి సమయం వచ్చినపుడు చెబుతాను.

భట్నాగర్ పేరు మనలో చాలామందికి ఒక బహుమతి పేరుగానే తెలుసు. మన తెలుగు శాస్త్రవేత్తలెవరికైనా భట్నాగర్ పురస్కారం వచ్చిందని పేపర్లో చదివి సంతోషిస్తాం. ఆయన పోయిన తరువాత, 1957లో ఏర్పాటు చేసిన పురస్కారం అది. 2023లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ విజ్ఞాన పురస్కారాలను నెలకొల్పినపుడు, యువ శాస్త్రవేత్తలకిచ్చే విభాగానికి ఆయన పేరే ఉంచారు. అయితే ఆ పేరు గల మనిషి ఎవరు, ఏమి చేశాడు అన్నది మన ఇళ్లలో పిల్లలకు తెలియదు. నాకూ చాలాకాలం తెలియదు.

తండ్రి లేని పిల్లవాడు

శాంతి స్వరూప్ భట్నాగర్ 1894 ఫిబ్రవరి 21న పంజాబులోని భేరా అనే ఊళ్లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. తండ్రి పరమేశ్వరీ సహాయ్ బడిపంతులు. పిల్లవాడికి ఎనిమిది నెలలైనా నిండీ నిండకముందే ఆయన కన్నుమూశారు. తల్లి బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి చేరింది. ఆ పుట్టిల్లు ఉన్న ఊరు సికిందరాబాద్. మన సికింద్రాబాద్ కాదు సుమా, ఉత్తర ప్రదేశ్‌లో బులంద్‌షహర్ దగ్గర అదే పేరుగల పట్టణం ఒకటుంది.

తాతగారు రూర్కీ కళాశాలలో చదివిన ఇంజనీరు. ఆ ఇంట్లో పనిముట్లు, కొలతబద్దలు, యంత్రాల బొమ్మలు పిల్లవాడి ఆటవస్తువులయ్యాయి. చిన్నతనంలో చేతికి అందినదాన్ని విప్పి చూసే అలవాటు అక్కడే పడిందని ఆయన జీవితకారులు వ్రాశారు. 1908లో చదువుకోసం లాహోరు వెళ్లి దయాళ్ సింగ్ హైస్కూలులో చేరారు. 1911లో, సుమారు పదిహేడేళ్ల వయసులోనే, బ్యాటరీలలో వాడే కార్బన్ కడ్డీలకు బదులుగా బెల్లపు మడ్డిని, బొగ్గువంటి పదార్థాన్ని కలిపి వేడిచేసి కడ్డీలు తయారు చేయవచ్చునని పత్రికకు వ్రాసి పంపారు. పనికిరాదని పారవేసే మడ్డిలో పనికివచ్చే వస్తువును చూసే ఆ బుద్ధి కడదాకా ఆయనను విడిచిపోలేదు.

ఇంకొక సంగతి. ఈయన ఉర్దూలో కవిత్వం వ్రాసేవారు, నాటకం వ్రాశారు. తరువాతి కాలంలో కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి కులగీతం వ్రాసినది కూడా ఈ రసాయన శాస్త్రజ్ఞుడే. లెక్కలు తెలిసినవాడికి కవిత్వం రాదని మన ఆఫీసుల్లో ఒక అపోహ ఉండేది గదా, అందుకని చెబుతున్నాను.

ఓడలో చోటు దొరకక

1919లో ఎం.ఎస్సి. పూర్తయింది. దయాళ్ సింగ్ కళాశాల ట్రస్టువారు పైచదువుకు స్కాలర్‌షిప్ ఇచ్చారు. వెళ్లవలసింది అమెరికాకు. దారిలో లండన్‌లో దిగారు. అప్పుడే మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి అమెరికా సైనికులు ఇళ్లకు తిరిగిపోతున్న రోజులు. ఓడలన్నీ వారితో నిండిపోయాయి. మన విద్యార్థికి చోటు దొరకలేదు. ట్రస్టువారి అనుమతి తెప్పించుకుని లండన్‌లోనే యూనివర్సిటీ కాలేజీలో డోనన్ అనే ఆచార్యుని వద్ద చేరారు. 1921లో డి.ఎస్సి. పట్టం పొందారు.

ఓడలో చోటు దొరకకపోవడం కూడా ఒక్కొక్కప్పుడు మంచికే వస్తుంది. డోనన్‌గారి వద్ద ఆయన నేర్చినది కొల్లాయిడ్ల శాస్త్రం. అంటే నీళ్లలో కరిగిపోకుండా, అలాగని అడుగుకు దిగిపోకుండా, సన్నని కణాలుగా తేలియాడే పదార్థాల సంగతి. పాలు, సిరా, బురదనీళ్లు అన్నీ ఆ కోవలోవే. ఆ విద్య తరువాత ఎలా అక్కరకు వచ్చిందో చెబుతాను. లండన్‌లో ఉండగా ఆయనకు ఏడాదికి 250 పౌనుల వేతనం ఇచ్చింది బ్రిటిష్ ప్రభుత్వపు శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా శాఖ. పరిశ్రమల మేలుకోసం ప్రభుత్వం పరిశోధనకు డబ్బు పెట్టే ఏర్పాటు ఒకటి లోకంలో ఉంటుందని ఆయన స్వయంగా దాని అన్నం తిని తెలుసుకున్నారు.

ఆ ఏడాదే స్వదేశానికి వచ్చి కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా మూడేళ్లు పనిచేశారు. 1924లో లాహోరులోని పంజాబ్ విశ్వవిద్యాలయంవారు తమ రసాయన ప్రయోగశాలలకు డైరెక్టరుగా పిలిచారు. అక్కడ పదహారేళ్లు ఉన్నారు. నా కథ అంతా ఆ పదహారేళ్లలో ఉంది.

చెరకు పిప్పి నుండి చమురు బావి దాకా

లాహోరులో సర్ గంగారాం అనే పెద్దమనిషి ఉండేవారు. పేరుమోసిన ఇంజనీరు, పెద్ద రైతు, దాత. చెరకు ఆడిన తరువాత మిగిలే పిప్పిని పశువులు తినే దాణా చెక్కగా మార్చవచ్చునేమో చూడమని ఆయన భట్నాగర్‌గారిని అడిగారు. బయటి నుండి ఒక వ్యాపార సమస్య ఆయన ప్రయోగశాల గడప తొక్కడం అదే మొదలు. ఆ తరువాత ఢిల్లీలోని బట్టల మిల్లువారు, లయల్‌పూర్‌లోని పిండి మిల్లువారు, నూనె మిల్లువారు ఒక్కరొక్కరే వచ్చారు. చాలామంది ఆచార్యులు అటువంటి పనిని చిన్నతనంగా భావించేవారు. ఈయన అలా భావించలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. రావల్పిండి దగ్గర అటాక్ ఆయిల్ కంపెనీవారు చమురు బావులు త్రవ్వుతున్నారు. లండన్‌లోని స్టీల్ బ్రదర్స్ అనే సంస్థ దాని వెనుక ఉంది. బావి త్రవ్వేటపుడు గొట్టం గుండా పలుచని బురదను లోపలికి పంపుతూ ఉంటారు. మన డెల్టా ఊళ్లలో రోటరీ రిగ్గుతో బోరు వేసేటపుడు ఇలా బురదనీళ్లు పంపడం మీలో కొందరు చూసే ఉంటారు. ఆ బురద త్రవ్వే మొనను చల్లబరుస్తుంది. త్రవ్విన రాతిపొడిని పైకి మోసుకొస్తుంది. గుంత గోడలు విరిగిపడకుండా అదిమి పడుతుంది. చూడడానికి బురదే గాని అది లేకపోతే పని లేదు.

అటాక్‌వారి బావుల్లో లోతుకు వెళ్లేసరికి ఉప్పు పొరలు తగిలేవి. ఉప్పు సోకగానే ఆ పలుచని బురద ముద్దలు కట్టి, గట్టిపడి, రాయిలా అయిపోయేది. త్రవ్వకం ఆగిపోయేది. పని ఆగినంతమాత్రాన కూలీల జీతాలు ఆగవు, యంత్రాల మీద పెట్టిన డబ్బుకు వడ్డీ ఆగదు. కంపెనీ ఇంజనీర్లకు యంత్రాలు బాగా తెలుసు. బురద ఎందుకు గడ్డకడుతున్నదో మాత్రం తెలియదు. చివరికి వారు విశ్వవిద్యాలయం మెట్లెక్కారు.

భట్నాగర్‌గారు చెప్పిన ఉపాయం నాకు ఇట్టే అర్థమైంది. కారణం మా తాతగారు. ఆయన కరణం. నా చిన్నతనంలో అప్పుడప్పుడు ఇంట్లోనే సిరా తయారుచేసేవారు. దీపం మసిని ఉట్టి నీళ్లలో కలిపితే కాసేపటికి మసి అడుగున పేరుకుంటుంది, నీళ్లు పైన తేరుకుంటాయి. తుమ్మబంక కరిగించిన నీళ్లలో మసిని నూరితే మాత్రం అది నెలల తరబడి తేరుకోదు, కలం సాఫీగా నడుస్తుంది. బంక ఒక్కొక్క మసి రేణువు చుట్టూ పొరలా పట్టి, రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా కాపాడుతుంది. భట్నాగర్‌గారు చేసిందీ అటువంటిదే. మన దేశంలోనే దొరికే ఒక రకం బంకను ఆ బురదలో కలిపించారు. బురద పలుచగానే ఉన్నది, ఉప్పు తగిలినా ముద్దకట్టలేదు. త్రవ్వకం ముందుకు సాగింది. లండన్‌లో డోనన్‌గారి వద్ద నేర్చిన విద్య రావల్పిండి బురదలో పనికి వచ్చింది.

జేబులోకి పోని డబ్బు

స్టీల్ బ్రదర్స్ వారు అమితంగా సంతోషించి, చమురుకు సంబంధించిన ఏ విషయం మీదనైనా పరిశోధన చేయవలసిందని లక్షా యాభై వేల రూపాయలు ఇవ్వజూపారు. 1930ల నాటి లక్షన్నర అని గుర్తుంచుకోండి. ఆనాడు ఒక గుమాస్తా నెలకు ముప్పయ్యో నలభయ్యో తెచ్చుకుని సంసారం ఈదేవాడు. ఆ డబ్బును స్వంతానికి తీసుకున్నా భట్నాగర్‌గారిని తప్పుపట్టేవారు ఉండకపోదురేమో. సలహాకు ప్రతిఫలం అనుకునేవారు. ఆయన స్వంత లాభం వద్దన్నారు. సొమ్ము విశ్వవిద్యాలయం ద్వారానే రావాలన్నారు. అలాగే వచ్చింది. దానితో పంజాబ్ విశ్వవిద్యాలయంలో చమురు పరిశోధనకు ప్రత్యేకంగా ఒక శాఖ ఏర్పడింది.

ఆ శాఖలో జరిగిన పనులను నా గుమాస్తా పద్ధతిలో పద్దులుగా వేసి చూశాను. మొదటిది, ఆగే పని ఆగకుండా చేయడం. అది బురద సంగతి. రెండవది, సరుకు నాణ్యం పెంచడం. మైనంలోని కంపును పోగొట్టడం, కిరసనాయిలు దీపం మంట ఎత్తు పెరిగేలా చేయడం ఈ పద్దులోకి వస్తాయి. మూడవది, యంత్రాల ఆయుష్షు పెంచడం. లోహానికి తుప్పు పట్టకుండా ఆపే మార్గాలు వెదికారు. నాలుగవది, వృథాగా పారవేసేదాన్ని సరుకుగా మార్చడం. నూనె పరిశ్రమల్లో మిగిలే వ్యర్థాలను ఉపయోగంలోకి తెచ్చే పని చేశారు. ఒక కర్మాగారం ఉత్పత్తి పెరగాలంటే కూలివాడిని ఇంకో రెండు గంటలు అదనంగా నిలబెట్టడం ఒక్కటే దారి కాదు. ఉన్న మనుషులు, ఉన్న యంత్రాలతోనే ఎక్కువ సరుకు, మంచి సరుకు రావడానికి ఈ నాలుగు దారులున్నాయి. నాలుగింటికీ చదువు కావాలి.

ఇక్కడ నేను గమనించిన విశేషం ఒకటుంది. లక్షన్నర ఆయన జేబులోకి పోయి ఉంటే కంపెనీకి దక్కేది ఒక్క బురద చిట్కా. అది శాఖగా మారడం వల్ల ఒక సమస్య తీరేలోగా ఇంకో సమస్య మీద పనిచేసే మనుషులు తయారయ్యారు. కంపెనీవారికి అది లాభంగానే కనిపించి ఉండాలి. మొదట అయిదేళ్లకు అనుకున్న ఏర్పాటును, సొమ్ము పెంచి, పదేళ్లకు పొడిగించారు. ధర్మానికి ఇచ్చేవాడు ఒకసారి ఇచ్చి ఊరుకోవచ్చు. వ్యాపారస్తుడు రెండవసారి ఇచ్చాడంటే మొదటిదానికి ఫలితం చూశాడనే అర్థం. 1934లో సుప్రసిద్ధ భౌతికశాస్త్రవేత్త మేఘనాథ్ సాహా భట్నాగర్‌గారికి ఉత్తరం వ్రాసి, విశ్వవిద్యాలయ అధ్యాపకుల గౌరవాన్ని లోకం దృష్టిలో పెంచావని అభినందించారు.

కంపెనీల పనిలో పడి ఆచార్యుడు అసలు శాస్త్రాన్ని వదిలేస్తాడని ఒక భయం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఈయన విషయంలో అలా జరగలేదు. పదార్థాల అయస్కాంత గుణాన్ని అతి సూక్ష్మంగా కొలిచే త్రాసును 1928లో మాథుర్‌గారితో కలిసి రూపొందించారు. దానిని లండన్‌లోని ఆడమ్ హిల్గర్ కంపెనీవారు తయారుచేసి అమ్మారు. ఈసారి లాహోరు ప్రయోగశాల నుండి లండన్ కంపెనీకి ఒక సరుకు వెళ్లింది. 1943లో ఆయన రాయల్ సొసైటీ సభ్యులుగా ఎన్నికయ్యారు.

నా ఫైలు

ఇప్పుడు నా సంగతి. 1981లో నేను కోస్తా జిల్లాలో ఒక ప్రభుత్వ సాంకేతిక విద్యాసంస్థ ఆఫీసులో యు.డి.సి.గా ఉండేవాడిని. ఆ ఊళ్లో ఒకాయన చిన్న ఫౌండ్రీ నడిపేవారు. నీటిపంపులకు కావలసిన పోత ఇనుము భాగాలు పోసేవారు. పది పోతలు పోస్తే మూడింటిలో బుడగలు పడి చిల్లులు వచ్చేవట. ఇసుకలో తేడా ఉన్నదేమో పరీక్షించి చెప్పండని, అందుకు రుసుము ఎంతైనా కట్టుకుంటానని దరఖాస్తు తెచ్చి ఇచ్చారు. మా వర్క్‌షాపులో ఇసుక పరీక్షించే పరికరాలున్నాయి. అధ్యాపకుడొకాయన ఒక్క మధ్యాహ్నంలో చేసి ఇస్తానని ఉత్సాహపడ్డారు.

దరఖాస్తు నా బల్ల మీదకు వచ్చింది. బయటివారి నుండి అటువంటి రుసుము వసూలు చేయడానికి పద్దు లేదు. పద్దు లేనిదే చలానా లేదు. ఉచితంగా చేద్దామంటే ప్రభుత్వ పరికరాలను ప్రైవేటువారికి వాడినట్లవుతుంది. తగు ఉత్తర్వులు లేనందున పై అధికారుల స్పష్టీకరణ కోరవచ్చునని నోట్ పెట్టాను. నోట్ చక్కగా వ్రాశానని సూపరింటెండెంటుగారు మెచ్చుకున్నారు కూడా. ఫైలు పైకి వెళ్లింది, ప్రశ్నలతో దిగింది, మళ్లీ వెళ్లింది. ఫౌండ్రీ ఆయన మొదట వారానికొకసారి వచ్చేవారు, తరువాత నెలకొకసారి. నా బల్ల ముందు తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి, వచ్చిందాండీ అన్నట్టు కళ్లతోనే అడిగేవారు. ఏడు నెలలకు అనుమతి వచ్చింది. నేనే ఉత్తరం టైపు చేయించి రిజిస్టరు పోస్టులో పంపాను. చిరునామాదారు ఊరు విడిచి వెళ్లిపోయాడని వ్రాసి పోస్టుమాను తిరిగి తెచ్చి ఇచ్చాడు. కొలిమి ఆరిపోయి రెండు నెలలైందని, పనివాళ్లు తలా ఒక దిక్కు పోయారని తరువాత విన్నాను.

రూలు ప్రకారం నేను చేసిన తప్పేమీ లేదు. ఆ మాటే చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. పదవీ విరమణ తరువాత గ్రంథాలయంలో భట్నాగర్‌గారి జీవితం చదువుతూ, లక్షన్నర రూపాయలు విశ్వవిద్యాలయం ద్వారా వచ్చాయన్న చోట ఆగిపోయాను. అక్కడ కూడా ఒక గుమాస్తా ఉండి ఉంటాడు. బయటి సొమ్ము జమకట్టుకోవడానికి ఒక పద్దు తెరిచి ఉంటాడు. అతని పేరు ఏ పుస్తకంలోనూ లేదు. అతడు పద్దు తెరిచాడు. పద్దు లేదని వ్రాసి నేను ఊరుకున్నాను. ఫలానా పద్దు తెరవడానికి అనుమతి ఇప్పించండి అని మొదటి రోజే ప్రతిపాదన పెట్టి ఉంటే ఫైలు అన్నిసార్లు మెట్లు ఎక్కి దిగేది కాదేమో. ఆ తువ్వాలు మనిషి నాకు ఇప్పటికీ గుర్తుకు వస్తూ ఉంటారు.

లాహోరు నుండి దేశమంతటికీ

రెండవ ప్రపంచ యుద్ధం మొదలై విదేశాల నుండి సరుకు రావడం కష్టమైంది. అప్పటి వైస్రాయి కౌన్సిలులో వాణిజ్య సభ్యులుగా ఉన్న సర్ రామస్వామి మొదలియార్ చొరవతో 1940 ఏప్రిల్ 1న శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా బోర్డు ఏర్పడింది. దానిని నడపడానికి భట్నాగర్‌గారిని పిలిపించారు. పరిశోధనల ఫలితాలను పరిశ్రమలకు చేర్చి, రాయల్టీ వసూలు చేసే ఏర్పాట్లు చేశారు. 1941లో ఏడాదికి పది లక్షల చొప్పున అయిదేళ్లకు ఒక పారిశ్రామిక పరిశోధనా నిధిని కేంద్ర శాసనసభ ఆమోదించింది. 1942 సెప్టెంబరు 26న శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలి, మనం పేపర్లలో సి.ఎస్.ఐ.ఆర్. అని చదివే సంస్థ, సొసైటీల చట్టం క్రింద రిజిస్టరయింది. మామూలు ప్రభుత్వ శాఖగా కాక సొసైటీగా పెట్టడంలోని కిటుకు మనవంటి వారికి వేరే చెప్పనక్కరలేదు. బయటి నుండి విరాళం పుచ్చుకోవడానికి, ఖర్చు పెట్టడానికి కొంత వెసులుబాటు దొరికింది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత నెహ్రూగారి అండతో జాతీయ ప్రయోగశాలలు లేచాయి. 1950 జనవరి 3న పూనాలో రసాయన ప్రయోగశాల, అదే నెల 21న ఢిల్లీలో భౌతిక ప్రయోగశాల, నవంబరులో జంషెడ్‌పూర్‌లో లోహ ప్రయోగశాల ప్రారంభమయ్యాయి. భట్నాగర్‌గారి హయాంలో మొత్తం పన్నెండు ఏర్పడ్డాయంటారు. పూనా, జంషెడ్‌పూర్ ప్రయోగశాలలకు టాటావారు విరాళాలిచ్చారు. కారైక్కుడిలో విద్యుత్ రసాయన పరిశోధనా సంస్థకోసం అళగప్ప చెట్టియార్‌గారు 300 ఎకరాల భూమి, 15 లక్షల రూపాయలు ఇచ్చారు. లక్షన్నరతో మొదలైన పద్ధతి ఇంతదాకా వచ్చింది.

మన తెలుగువారికి ఈ కథలో చోటుంది. మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ ఆ వరుసలోదే. తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు 1958 నుండి 1971 వరకు దానికి డైరెక్టరుగా ఉండి, తోళ్లు పదునుచేసే చిన్న చిన్న వ్యాపారుల గుమ్మాల దాకా శాస్త్రాన్ని తీసుకువెళ్లారు. హైదరాబాదులో నిజాం ప్రభుత్వం 1944లో పెట్టిన కేంద్ర ప్రయోగశాలలు 1956లో ఈ మండలి క్రిందికి వచ్చాయి. తార్నాకలో మనమంతా ఆర్.ఆర్.ఎల్. అని పిలుచుకున్నది అదే. 1989 నుండి దాని పేరు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ.

అందరూ మెచ్చుకోలేదు

ఒక మనిషి జీవితం వ్రాసేటపుడు పొగడ్తలే వ్రాసి ముగించడం మన అభినందన సభల పద్ధతి. ఇక్కడ అలా చేస్తే అన్యాయం. జాతీయ ప్రయోగశాలల మీద పెట్టిన ఖర్చును సి.వి. రామన్‌గారు బహిరంగంగానే విమర్శించారు. పరిశోధన విశ్వవిద్యాలయాల్లోనే పెరగాలని మేఘనాథ్ సాహా, ముఖ్యంగా అణుశక్తి విషయంలో, గట్టిగా వాదించారు. నిపుణులంతా పెద్ద జీతాలకు ప్రత్యేక ప్రయోగశాలలకు తరలిపోతే కాలేజీలు పాఠాలు చెప్పే చోట్లుగా మాత్రమే మిగిలిపోతాయన్నది విమర్శకుల బాధ. లాహోరు కథలో బలం ఎక్కడుందంటే, కంపెనీ సమస్య, ఆచార్యుని విద్య, నేర్చుకునే కుర్రవాడు, ముగ్గురూ ఒకే గదిలో ఉండడంలో. ఆ గది నుండి పైకి వచ్చిన మనిషే పరిశోధనకు వేరే భవనాలు కట్టించారు. యుద్ధకాలపు తొందర, కొత్త దేశపు అవసరం దానికి కారణాలు కావచ్చు. కాని ఆ విమర్శలో నిజం లేదని నేను చెప్పలేను.

1953లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం ఏర్పడినపుడు దానికి మొదటి అధ్యక్షులు భట్నాగర్‌గారే. తన్ను పెంచిన విశ్వవిద్యాలయాల వైపు మళ్లీ తిరిగారు. కాలం మాత్రం ఆయనకు ఎక్కువ మిగలలేదు.

స్వంత జీవితంలో ఆయనకు పెద్ద దెబ్బ 1946లో తగిలింది. భార్య లాజవంతి గతించారు. ఆమె జ్ఞాపకార్థం తన ఉర్దూ కవితలను పుస్తకంగా వేశారు. మరుసటి ఏడాదే దేశ విభజన జరిగి, పుట్టిన భేరా, పదహారేళ్లు శ్రమించిన లాహోరు ప్రయోగశాల, రావల్పిండి చమురు బావులు అన్నీ సరిహద్దుకు అవతలే ఉండిపోయాయి. 1954లో పద్మభూషణ్ లభించింది. 1955 జనవరి 1న, కొత్త సంవత్సరం మొదటి రోజున, ఢిల్లీలో గుండెపోటుతో ఆయన అస్తమించారు. వయస్సు అరవై. మనలో చాలామంది పెన్షను తీసుకుని మనుమలతో ఆడుకోవడం మొదలుపెట్టే వయస్సు.

నా మనుమడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఈమధ్య వాడి కాలేజీవారు ఒక కర్మాగారంతో ఒప్పందం చేసుకున్నారని, ఆరునెలలు అక్కడ పనిచేయాలని చెప్పాడు. ఒప్పందం కాగితం ఉందా అని అడిగాను. నా పాత అలవాటుకు వాడు నవ్వాడు. కంపెనీ ఇచ్చే డబ్బు ఎవరి పేరున వస్తుంది, ఏ పనికి ఖర్చవుతుంది, మీవంటి పిల్లలకు అందులో ఏమి మిగులుతుంది అని అడిగి తెలుసుకోమని చెప్పాను. ఆ తరువాత కూర్చోబెట్టి భట్నాగర్‌గారి బురద కథ చెప్పాను. మా తాతగారి సిరా సంగతి కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఫౌండ్రీ ఆయన సంగతి మాత్రం వాడికి చెప్పడానికి నోరు రాలేదు. అందుకే మీకు వ్రాశాను.

మన పిల్లల్లో, మనుమల్లో ఎందరో నేడు ఆఫీసుల్లో, కాలేజీల్లో నా పాత బల్లవంటి బల్లల ముందు కూర్చుని ఉన్నారు. ఎవరైనా ఒక చిన్న దరఖాస్తు పట్టుకుని వస్తే, రూలు లేదని పంపేముందు రూలు ఎలా తెప్పించవచ్చునో ఒక్క రోజు ఆలోచించమని వారికి చెప్పండి.